పొద్దున ఆరింటి కొలత

సిర్గాపూర్,
18 జనవరి 2025

ప్రియమైన శైలశ్రీకి,

మనవరాలికి అజ్జి ఆశీస్సులు. నా చెవులు దాదాపు సెలవు పుచ్చుకున్నాయి కనుక ఫోన్‌లో అరిచి నీ హాస్టల్ పిల్లలను హడలగొట్టకు. ఉత్తరమే రాయి. భూగర్భజలాల చదువు చదువుతున్నావు కదా, ఒక సంగతి తేల్చాలి.

మన బోరు గంట పోసి ఆగిపోతుంటే దసరాకు మోటారు పైకి తీసేశాం. నువ్వు వదిలి వెళ్ళిన ఇనుప టేపుకు సుద్ద పూసి, రోజూ పొద్దున ఆరింటికి బోరులోకి దించుతున్నాను. తడిసినంత మేర సుద్ద రంగు మారుతుంది. ముప్పై ఏళ్ళు బడిలో సుద్దముక్క పట్టినదాన్ని, ఆ గీత చదవలేనా? వారం నుంచి నీరు రోజూ కొంచెం పైకి వస్తోంది. ఎనభై నాలుగు అడుగుల లోతున ఉన్నది రెండున్నర అంగుళాలు ఎక్కింది. చుక్క వాన లేదు. ఎక్కడి నీళ్ళివి?

మీ మామకు హైదరాబాద్‌లో వాచ్‌మన్ పని ఉందని మన ఊరి దేవప్ప కబురు తెచ్చాడు. మొగుడూ పెళ్ళాలకు సరిపడా గది ఇస్తారట. నెలాఖరులోగా జవాబు చెప్పాలి. నిన్న టేపు చూసి మామ నా చెవి దగ్గర నోరు పెట్టి అరిచాడు: "అవ్వా, నీళ్లొస్తున్నయంటే చెప్పు, ఉల్లినారు పెడత. లేదంటే మూట కడత." దసరా నుంచి నా కొడుకు నాతో మాట్లాడిన అతి పొడుగు మాట ఇదే.

జల్దీ రాయి.

నీ అజ్జి,
బసవమ్మ


హైదరాబాద్,
23 జనవరి

ప్రియమైన అజ్జీ,

నీ కొలత తప్పు కాదు. కొలిచిన వేళే మోసం చేసింది.

చంద్రుడూ సూర్యుడూ సముద్రాన్నే కాదు, నేలను కూడా లాగుతారు. రాయి రోజుకు రెండుసార్లు సాగి, మళ్ళీ బిగుస్తుంది. బిగిసినప్పుడు దాని సందుల్లో ఇరుక్కున్న నీరు బోరులో పైకి వస్తుంది, సాగినప్పుడు దిగుతుంది. ఈ ఎక్కుడు రోజూ దాదాపు యాభై నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. నువ్వు మాత్రం తప్పకుండా ఆరింటికే కొలుస్తావు. అందుకే వారంపాటు ఎక్కుతున్నట్టు, మరో వారం దిగుతున్నట్టు కనిపిస్తుంది. కొత్తగా ఒక్క చెంబు నీరు కూడా చేరలేదు. నమ్మకపోతే ఒకరోజు గంట గంటకూ కొలిచి చూడు.

మామకు ఫోన్ చేశాను. "అవ్వ చెప్తే ఇంట. నీ చంద్రుడు నాకెందుకే" అని పెట్టేశాడు. కాబట్టి నువ్వే చెప్పాలి, అజ్జీ. నారు పెట్టొద్దను. ఆ పని వదులుకోవద్దను.

నీ మనవరాలు,
శైలశ్రీ


సిర్గాపూర్,
4 ఫిబ్రవరి

ప్రియమైన శైలుకు,

నీ ఉత్తరం నిన్ననే అందింది. టపా మనిషికి జ్వరమట. ఈలోగా శుక్రవారమే మీ మామ మోటారు దించి, రెండెకరాల్లో ఉల్లినారు పెట్టించాడు. దేవప్పకు రానని చెప్పేశాడు. ప్రస్తుతానికి నీళ్ళు పోస్తోంది. పెట్టిన నారును పీకమని ఏ నోటితో చెప్పను?

ఇన్నేళ్ళు భూగోళం చెప్పాను కానీ చంద్రుడికి మన బోరుతో కూడా పని ఉందని తెలియదు. ఆయనకు వేరే ఊళ్ళు దొరకలేదు కాబోలు.

నువ్వు వేళకు తిను.

అజ్జి


హైదరాబాద్,
20 ఫిబ్రవరి

ప్రియమైన అజ్జీ,

నువ్వు రాయడం మానేశావు. సునీత అత్త ఫోన్ చేసి ఏడ్చింది. మోటారు ఆరో రోజుకే గాలి కక్కిందట, నారంతా పడిపోయిందట. వాచ్‌మన్ పనిలో వేరేవాళ్ళు చేరిపోయారట.

మామ ఇక్కడే ఉన్నాడు. ఏదో బిల్డింగు దగ్గర ఇటుకలు మోస్తున్నాడు, అక్కడే రేకుల కింద పడుకుంటున్నాడు. ఆదివారం మా హాస్టల్ గేటు దగ్గరకు వచ్చాడు. అరచేతులు పగిలి ఉన్నాయి. "నా చెయ్యే మంచిది కాదు. ఏది పెట్టినా ఎండుతది. అవ్వనేమనకు, పాపం, అంత సదువుకున్నామెకే తెల్వకపాయె" అన్నాడు. టీ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు.

ఆ టపా మనిషి నాలుగు రోజులు ముందు వచ్చి ఉంటే ఎంత బాగుండేది, అజ్జీ! నాకు అతని మీద ఎంత కోపంగా ఉందో చెప్పలేను.

శైలు


సిర్గాపూర్,
25 ఫిబ్రవరి

ప్రియమైన శైలశ్రీకి,

టపా మనిషిని తిట్టకు. అతనికి ఏ జ్వరమూ రాలేదు. నీ ఉత్తరం మంగళవారం పదకొండింటికే నా చేతికిచ్చి, మంచినీళ్ళు తాగి వెళ్ళాడు. నారు పెట్టింది శుక్రవారం. మధ్యలో నాకు మూడు రోజులున్నాయి.

బుధవారం నువ్వు చెప్పినట్టే గంట గంటకూ కొలిచాను. పొద్దున ఎక్కింది, మధ్యాహ్నానికి దిగింది, సాయంత్రం మళ్ళీ ఎక్కింది. నువ్వు రాసిందంతా నిజం. అసలు నీ ఉత్తరం రాకముందు వారమే గీత దిగడం చూశాను. సుద్ద చెమ్మగిల్లి కొలత సరిగ్గా రాలేదని మీ మామకు సర్దిచెప్పాను. గురువారం వాడు నారు కట్టలు తడుపుతుంటే పెదాలు కదులుతున్నాయి. ఏమంటున్నాడని అడిగితే, పాడుతున్నాడని సునీత చేతితో సైగ చేసి చెప్పింది.

వాడి సంతోషం చెడగొట్టలేక ఊరుకున్నానని రాస్తే నీకు బాగుంటుంది, నాకూ బాగుంటుంది. అది నిజం కాదు. ఆ వాచ్‌మన్ గదిలో ఇద్దరికే చోటు. నన్ను మీ అమ్మ ఇంట్లో దింపుతానన్నాడు. అల్లుడి ఇంట్లో మూలన కూర్చోవడం నాకిష్టం లేకపోయింది. నా పట్టుదలకు వాడి రెండెకరాలు పోశాను.

సునీతకు ఏమీ తెలియదు. ఇవాళ కూడా ముందు నాకు పెట్టి, తర్వాతే తను తిన్నది. ఆమె ఎదుట నోరు తెరవాలని రోజూ అనుకుంటాను. ఊరందరి తప్పులూ దిద్దిన నోరు, పెగలడం లేదు.

ఆదివారం మామ వస్తే లోపల కూర్చోబెట్టి ఈ ఉత్తరం మొత్తం చదివి వినిపించు. అవ్వకు తెలియదనుకుంటున్నాడు, తెలుసని చెప్పు. తన చేతిని తిట్టుకోవడం మానమను.

వాడు నన్ను ఏమంటే అది, ఒక్క మాట కూడా తగ్గించకుండా రాయి.

బసవమ్మ