తూడులంక పడవ చుక్కాని

తూడులంక, వయా కైకలూరు
సెప్టెంబరు 3

ప్రభువునందు ప్రియులైన మిషన్ కార్యదర్శి దేవసహాయం గారికి,

తూడులంక సంఘ పెద్ద ఎలీయాజరు వ్రాయు వందనములు. ఫోనులో చెప్పినది రికార్డులో ఉండదని మీ ఆఫీసువారు అన్నందున ఉత్తరం రాస్తున్నాను.

మన సంఘపు నావ పాతదే గాని అడుగు గట్టిది. స్త్రీల సమాజం వారు కొత్త తెరచాప కూడా కుట్టారు. తేడా అంతా చుక్కానితోనే వచ్చింది. ఎదురుగాలి కొంచెం వీస్తే చాలు, తిన్నగా పొమ్మంటే పక్కకు పోయి కిక్కిస గడ్డి పొదల్లో దూరుతోంది. మూడు ఆదివారాలుగా లంకలో ఆరాధన లేదు. మంచం పట్టిన యేసమ్మగారు ప్రభు భోజన సంస్కారం అందలేదని కంటతడి పెడుతున్నారు. మిషన్ ఆస్తి మీద మాకై మేము చెయ్యి వెయ్యకూడదు కనుక, ఆ చుక్కానిని బలపరచడానికి తమ అనుమతి ఇప్పించగలరు.

తమ ప్రార్థనలు కోరే
ఎలీయాజరు

తా.క.: ఆఫీసు ఉత్తరం కదా అని నావ అని రాశానండి. మేమిక్కడ పడవే అంటాం.

*

ఏలూరు
సెప్టెంబరు 9

ప్రియ సహోదరులు ఎలీయాజరు గారికి, శుభములు.

నేను తాడేపల్లిగూడెం నుంచి ఈ కుర్చీలోకి వచ్చి రెండు నెలలే అయింది. ఈ రెండు నెలల్లో ఇంత లోతైన ఉత్తరం చూడలేదు. నావ అన్నా పడవ అన్నా భావం ఒక్కటే. సంఘానికి చుక్కాని ఎవరో నాకు తెలియదా? పేరు రాయకుండా గుట్టు కాపాడిన మీ సంస్కారం నాకు నచ్చింది. నేనూ రాయను.

ఇక్కడ శుక్రవారం ఉపవాస ప్రార్థనలో చుక్కాని కోసం కన్నీటితో ప్రార్థించాం. అయితే కమిటీ ముందు పెట్టడానికి బలహీనత ఎటువంటిదో వివరంగా కావాలి. దాపరికం వద్దు.

ప్రభువు సేవలో మీ
దేవసహాయం

తా.క.: పొదల్లో దూరినప్పుడు వెంట ఎవరైనా ఉన్నారా?

*

తూడులంక
సెప్టెంబరు 14

దేవసహాయం గారికి ఎలీయాజరు నమస్కారములు.

మా చుక్కాని కోసం ఏలూరులో కన్నీళ్ళు పెట్టుకున్నారని చదివి మా సంఘమంతా కదిలిపోయింది. అంత చేస్తారనుకోలేదండి. మీరు పేరు సంగతి రాశారు గాని, చుక్కానికి మేం పేరేమీ పెట్టలేదు.

వివరం అడిగారు కాబట్టి ఉన్నదున్నట్టు చెబుతాను. అప్పట్లో దాన్ని మిషన్ వారే పంపారు. ఏళ్ళ తరబడి తాగి తాగి ఉబ్బిపోయింది. పైకి నున్నగా కనిపిస్తుంది గాని లోపలంతా డొల్ల. ఎడమకు తిప్పితే కాసేపు ఆలోచించుకుని అప్పుడు కదులుతుంది. మా వెంకట్రాజుగారు చేత్తో తట్టి చూసి, విప్పేసి నాలుగు రోజులు ఎండలో పడేయమన్నారు. తాగినదంతా దిగాక, పుచ్చు చెక్కేసి, రెండువైపులా ఇనప పట్టీలు వేసి, ఈ పక్కనుంచి ఆ పక్కకు బోల్టులు దింపి బిగిస్తే ఇంకో పదేళ్ళు ఢోకా లేదన్నారు. కొత్తది వద్దండి. మాకు పాతదే అలవాటు.

తమ అనుమతి కోసం చూస్తూ
ఎలీయాజరు

తా.క.: పొదల్లో దూరినప్పుడు నేనూ, స్త్రీల సమాజం రత్నకుమారిగారూ ఉన్నాం. ఇద్దరం మోకాటి లోతులో దిగి వెనక్కి లాగాం. ఆవిడ చీర పాడైంది, ఏమీ అనుకోలేదు.

*

ఏలూరు
సెప్టెంబరు 20

సహోదరులు ఎలీయాజరు గారికి,

మీ ఉత్తరం కమిటీలో చదువుతూ రెండుసార్లు కళ్ళజోడు తుడుచుకున్నాను. తాగుడు! అదీ ఏళ్ళ తరబడి! అయినా ఎండలో పడేసి బోల్టులు దింపాలన్న మీ వెంకట్రాజుగారి సలహా మాత్రం కమిటీకి మరీ కఠినంగా తోచింది. మనది ప్రేమగల మిషన్. తాగుడు మాన్పించే ఆశ్రమం తణుకులో మనకే ఉంది.

కమిటీ ఏకగ్రీవ తీర్మానం ఇది: "బలహీనపడిన చుక్కానిని తూడులంక నుండి తక్షణమే తొలగించి, మూడు నెలలపాటు బాగుపరచు నిమిత్తము తణుకు పంపవలెను. అంతవరకు ఏలూరు సహాయ పాస్టరు క్రాంతి కుమార్ గారు చుక్కానిగా వ్యవహరించవలెను." మీ బాటలోనే మేమూ పేరు రాయలేదు. నకలు సంబంధించినవారికి పంపాం.

బరువెక్కిన గుండెతో
దేవసహాయం

తా.క.: మీ పాస్టరు ఆనంద్ పాల్ అయ్యగారి భార్య సిల్వియమ్మగారికి సంగతి మెల్లగా చెప్పండి. ఒకవేళ ఆవిడకు ముందే తెలుసా?

*

తూడులంక
సెప్టెంబరు 22

అయ్యా దేవసహాయం గారూ,

కొంప ముంచారండీ! చుక్కాని అంటే చుక్కానేనండి. చెక్కది. పడవ వెనక ఉంటుంది. తాగింది నీళ్ళండి, కొల్లేటి నీళ్ళు! వెంకట్రాజుగారు వడ్రంగి. కైకలూరు ఒడ్డున ఉండే అయ్యగారిని ప్రతి ఆదివారం ఆ పడవలోనే లంకకు తెచ్చుకుంటాం. ఆ మూడు వారాలూ ఆయన చంకలో బైబిలు పెట్టుకుని ఒడ్డున నిలబడి, మేం పొదల్లోంచి బయటపడతామేమోనని మధ్యాహ్నం దాకా చూశారు.

నిన్న ఆయన ఇంటికి వెళ్ళాను. సిల్వియమ్మగారు గిన్నెలు గోనెసంచిలో సర్దుతున్నారు. అయ్యగారు తీర్మానం నా చేతికిచ్చి, "ఎలీయాజరుగారూ, నాలో ఏం లోపం కనిపించిందండీ? నాతోనే చెప్పకపోయారా?" అన్నారు. పద్దెనిమిదేళ్ళుగా మా పెళ్ళిళ్ళకీ చావులకీ వచ్చిన మనిషి. మజ్జిగ కూడా పులిస్తే ముట్టరు. నేను ఆయన గుమ్మంలోనే ఏడ్చేశానండి. ఆఫీసువారికని నేను రాసిన భాష ఎక్కువై మా అయ్యగారి మెడకు చుట్టుకుంది.

ఆయన్ని మాకు ఉంచండి. చుక్కాని లేకపోతే పీడాపోయె, గడ కర్రతో నెట్టుకుంటాం.

తలవంచుకుని
ఎలీయాజరు

తా.క.: సంగతి తెలిసి యేసమ్మగారు మంచం మీదనుంచి లేచి కూర్చున్నారు. సంస్కారం కోసం కాదండి. తనను పడవలో వేసి ఏలూరు తీసుకెళ్ళమంటున్నారు, మీతో మాట్లాడతారట.

*

ఏలూరు
సెప్టెంబరు 26

గౌరవనీయులైన ఎలీయాజరు గారికి,

యేసమ్మగారిని దయచేసి లంకలోనే ఉంచండి.

నేను సిగ్గుపడుతున్నాను. అయ్యగారికి క్షమాపణ ఉత్తరం వేరే రాశాను. ఆయన మీవారే, మీ దగ్గరే ఉంటారు. గిన్నెలు దింపించండి. అయితే ఏకగ్రీవ తీర్మానాన్ని వెనక్కి తీసుకునే పద్ధతి మా కమిటీలో లేదు. రాత్రంతా ఆ తీర్మానాన్ని తిరగేసి చూశాను. దేవుని దయవల్ల అందులో ఎవరి పేరూ లేదు. చుక్కాని అనే ఉంది. కాబట్టి అక్షరాలా అమలు చేద్దాం. చెక్క చుక్కానిని విప్పి, చీటీ కట్టి, తణుకు పంపండి. అక్కడ మిషన్ బడి బల్లలు బాగుచేసే వడ్రంగి ఉన్నాడు. పట్టీలు, బోల్టులు అన్నీ మీరు రాసినట్టే వేయిస్తాను.

మీ క్షమాపణకైనా తగని
దేవసహాయం

తా.క.: తీర్మానంలో పేరుతో ఉన్నది ఒక్కరే. అందుచేత ఆ చెక్క తిరిగి వచ్చేదాకా, మూడు నెలలపాటు, క్రాంతి కుమార్ గారే మీ చుక్కాని. శనివారం సాయంత్రం ఒడ్డుకు చేరతారు. వేదాంతంలో డిగ్రీ ఉంది, ఈత రాదు. పడవ వెనక కూర్చోబెట్టి చేతికి తెడ్డు ఇవ్వండి. ఆనంద్ పాల్ అయ్యగారిని ఆదివారానికి లంక చేర్చాల్సింది ఆయనే.