కేకు తిని వెళ్ళిన లాయరు

చిరంజీవి డెమెట్రియస్‌కు,

అమ్మ దీవించి వ్రాయునది. ఇక్కడ నేనూ నా మోకాళ్ళూ ఒకరినొకరం ఓర్చుకుంటూ బాగానే ఉన్నాము. ఆ జైలులో నీ ఒంట్లో కూడా బాగుండాలని రోజూ ప్రార్థిస్తున్నాను.

టమాటాల సంగతి అడిగావు. ఎండకు మాడిపోయాయి. బెండ మాత్రం విరగకాసింది. పక్కింటి థెల్మా వచ్చి, "నీకు వంగడం కష్టం కదే, నీ కోసమే కోశా" అంటుంది. ఒక్క కాయ ఇవ్వదు.

కొత్త లాయరమ్మ వచ్చిందా అనీ అడిగావు. వచ్చింది. పాత లాయరు నీ చిన్నతనం గురించి సరిగా వాకబు చేయలేదని ఫెడరల్ జడ్జి నమ్మితేనే నీ మరణశిక్ష కొట్టివేస్తారట. "ఆయన ఈ ఇంటికొచ్చి ఏమడిగాడండీ?" అంది. ఏమడిగాడు! మీ నాన్న నా పక్కనే కూర్చుని ఉండగా, "ఇంట్లో ఏమైనా గొడవలా?" అన్నాడు. మీ నాన్న చర్చిలో డీకను, సంఘ పెద్ద; ఆయన ఇల్లాయె. "మా ఇంట్లో అంతా దేవుడి దయ" అని కేకు ముక్క పెట్టాను. తిని వెళ్ళాడు. మళ్ళీ రాలేదు.

నీకు చెప్పకుండా దాచింది ఇప్పుడు చెబుతున్నాను, నాయనా. మొన్న ఆ లాయరమ్మకూ అదే మాట చెప్పాను. మీ నాన్న పోయి ఏళ్ళయింది, పక్కన ఎవరూ లేరు. అయినా ఇంటి గుట్టు నోరు దాటి రాలేదు. ఆమెకూ కేకు పెట్టాను. ఆమె వెళ్ళాక ఆ పళ్ళెం కడుగుతుంటే నా మీద నాకే అసహ్యం వేసింది.

ఆదివారం చర్చిలో సాక్ష్యాలు చెప్పే వేళ లేచాను. మోకాళ్ళ నొప్పి తగ్గిందని చెబుతానేమోనని అందరూ ఆమేన్ అనడానికి సిద్ధంగా ఉన్నారు. "డీకను నా కొడుకు వీపు మీద ఇస్త్రీపెట్టె పెట్టేవాడు. నేను గదిలో తలుపేసుకుని కీర్తనలు పాడేదాన్ని" అన్నాను. ఎవరూ ఆమేన్ అనలేదు.

బయట మెట్ల మీద థెల్మా నా చేయి పట్టుకుంది. "మాకు తెలుసే ఒడెస్సా. మీ కిటికీ మా వంటింటికి ఎదురే కదా. నువ్వు పాట ఎత్తుకుంటే మా ఆయన రేడియో పెంచేవాడు."

"మరి ఆ లాయరుకి చెప్పలేదేం?"

"మా తలుపు కొడితే కదే చెప్పడానికి."

లాయరమ్మకు ఫోన్ చేసి అంతా చెప్పాను. పక్కింటి తలుపు కొట్టి ఉంటే పాత లాయరుకు తెలిసేదని జడ్జికి చూపించాలట, అదే ముఖ్యమట. నేను ఇన్నేళ్ళు కాపాడుకున్న గుట్టు వీధి వీధంతటికీ తెలుసు, డెమెట్రియస్. తెలియనిది నీకు చావు రాసిన ఆ పన్నెండు మంది జ్యూరీకే.

మంగళవారం థెల్మా, నేను కోర్టుకు వస్తున్నాము. నాన్న పేరు ఎత్తవద్దని వ్రాశావు. ఈసారి నీ మాట వినను. చొక్కా విప్పి చూపించమంటే చూపించు, సిగ్గుపడకు. ఆ సిగ్గు నాది.

ఇట్లు,
తలుపేసుకుని పాడిన మీ అమ్మ,
ఒడెస్సా