చికిత్స పూర్తి కాలేదని తెలుపుకొనుట

అయ్యా,

విషయం: తమరు లైసెన్సు రద్దు చేసిన ఆరోగ్య బీమా కంపెనీ, నా భార్య చికిత్స పూర్తయినట్లు నమోదు చేసిన పొరపాటును సరిదిద్దుట గురించి.

కోర్టు వీధిలో రబ్బరు ముద్రలు చేసుకుని బతికే నేను తమ సముఖానికి తెలుపుకొనునది:

1. నా భార్యకు కేన్సర్. ఆరు విడతల కీమోలో నాలుగు అయినవి. ఐదవది వచ్చే గురువారం ఇవ్వవలసి ఉన్నది. వాయిదా పడితే ఇంతవరకు చేసినదంతా వృథా అవుతుందని డాక్టరుగారు చెప్పారు.

2. సదరు కంపెనీ మొదట తన లైసెన్సును తానే తమకు వాపసు ఇచ్చినది. దాని మీద విచారణ నడుస్తున్నందున తమరు పుచ్చుకోలేదు, లైసెన్సును తాత్కాలికంగా నిలిపివేశారు. పోయిన నెలలో పూర్తిగా రద్దు చేశారు. తప్పు పట్టడానికి నేనెవరిని? చికిత్స మధ్యలో ఉన్నవారికి అది ముగిసేదాకా ఆసుపత్రి ఆపరాదని తమ ఉత్తర్వులోనే ఉన్నది. వారి జాబితా మాత్రం కంపెనీ ఇవ్వాలన్నారు.

3. కంపెనీవారు ఆఖరి రోజున ఫైళ్లు తెరిచి చూడకుండానే ఒక్కొక్కదాని మీద 'చికిత్స పూర్తి' అని ముద్ర కొట్టేశారు. నా భార్య ఫైలు మీదా పడింది. జాబితాలో ఆమె పేరు లేదు.

4. ఆ ముద్ర చేసింది నేనే. అర్జెంటన్నారు, భోజనం మానేసి చేసిచ్చాను. దేనికని అడగలేదు. ఆసుపత్రి కౌంటరులో ఆ ఫైలు చూపించినప్పుడు నాకు ఏడుపు రాలేదు, కోపమూ రాలేదు. అక్షరాలు వంకర లేకుండా పడ్డాయా అని చూశాను. పడ్డాయి.

5. తమ కార్యాలయంలో గుమాస్తాగారిని మూడుసార్లు కలిశాను.

"జాబితా కంపెనీయే సరిచేయాలండీ," అన్నారు.

"కంపెనీ ఎక్కడుందండీ?"

"లేదు కదండీ. మేమే రద్దు చేశాం."

ఆయన మంచివారు. కుర్చీ వేసి మంచినీళ్లు ఇప్పించారు.

6. ఇంటికి వెళ్లి చెబితే నా భార్య నవ్వింది. "పూర్తయిందని వాళ్లే రాసిచ్చారుగా, ఇంకా నన్నెందుకు తిప్పుతారు? పడుకోనివ్వండి," అన్నది. పెళ్లయిన పందొమ్మిదేళ్లలో నా మాటకు ఎదురుచెప్పని రోజు లేదు. ఇప్పుడు దేనికీ ఎదురుచెప్పడం లేదు. నాకు భయంగా ఉన్నది.

కావున, ఆమె చికిత్స ఇంకా పూర్తి కాలేదని తమరే ఒక కాగితం రాయించి, సంతకం చేసి, ముద్ర వేసి, బుధవారం లోపు ఆసుపత్రికి పంపించవలసిందిగా ప్రార్థన. ఇన్ని మాటలూ ఓపికగా చిత్తగించవలెను.

తమ విధేయుడు,
ముద్రల కొట్టువాడు

మనవి: తమ కార్యాలయపు గుండ్రటి ముద్ర కూడా మా కొట్టులోనే తయారైంది. అలాంటిది మరొకటి చేయడం నాకు అరగంట పని. తమ సంతకం ఉత్తర్వు మీద చూశాను, కష్టమైనదేమీ కాదు. బుధవారం సాయంత్రం ఐదింటి వరకు చేయను. ఇది బెదిరింపు కాదు. నేరం చేయబోయే ముందు సంబంధిత అధికారికి తెలియజేయడం పద్ధతి అనుకుని తెలియజేస్తున్నాను.