వదిలేసిన లైను

మార్చి 3, సోమవారం

ఆఫీసులో వెబ్‌సైటు చూసే అమ్మాయి మళ్లీ పట్టుకుంది. నా ప్రొఫైలు కావాలట. రెండు పేరాలు చాలట. కెరీర్ ఒకటి, బ్యాక్‌గ్రౌండ్ ఒకటి. కెరీర్ అక్కడే రాసిచ్చాను. వ్యాపార వివాదాల్లో సుదీర్ఘ అనుభవం, భాగస్వామ్య కేసులు, కంపెనీ కేసులు. అసలు సంగతి ఏమిటంటే, ఒకరి భుజం మీద ఒకరు చెయ్యేసుకుని వ్యాపారం పెట్టినవాళ్లు ఒకరి గొంతు ఒకరు పట్టుకుంటుంటే ఒకరి తరఫున నిలబడి రెండోవాళ్లను తిట్టడం. అది రాయలేదు.

బ్యాక్‌గ్రౌండ్ దగ్గర పెన్ను ఆగింది. కోర్టు గేటు పక్కన టైపు మిషన్ పెట్టుకుని కూర్చున్నావిడ కూతురిని అని రాయాలా? రేపు ఇస్తానన్నాను.

లిఫ్టులో సీనియర్‌గారు చెప్పారు. మూతల కేసు గెలిస్తే నన్ను ఆఫీసులో పార్ట్‌నర్‌ని చేస్తారట. ఎన్నేళ్లుగానో ఎదురుచూసిన మాట. థాంక్స్ సార్ అన్నాను. మోకాళ్లు నొప్పిగా ఉన్నాయి.

మార్చి 4, మంగళవారం

మూతల కేసు అంటే సీసాల మూతలు చేసే ఫ్యాక్టరీ. ఇద్దరు భాగస్వాములు. ఒకాయన మా క్లయింటు. ఎండలు మండిపోతున్నా టై విప్పడు. టైగారు అని పేరు పెట్టాను, ఇంట్లో మాత్రమే. తన సగం వాటా పెద్ద కంపెనీకి అమ్మేయాలని ఆయన తొందర. అమ్మితే ఆ కంపెనీ పాత మిషన్లు పీకేసి, నలభై మందిని ఇంటికి పంపేస్తుంది. ఫ్యాక్టరీని నడుపుతున్నది రెండో భాగస్వామి, మూతలావిడ. తనను అడక్కుండా అమ్మకూడదనే మాట్లాడుకున్నామని ఆవిడ దావా వేసింది.

మా జవాబు ఒకటే. కాగితం చూడండి. పంతొమ్మిదేళ్ల కిందటి ఒప్పందం, ఏడో షరతు: "భాగస్వాములలో ఎవరైనను రెండవవారి అనుమతి లేకుండా తన వాటాను బయటివారికి అమ్మవచ్చు." డిక్టేట్ చేసిన లాయరు పోయి చాలాకాలమైంది. నోటిమాట గాలికి పోతుంది, కాగితం మిగులుతుంది. నా కెరీరంతా ఈ ఒక్క వాక్యం మీదే నడిచింది.

మార్చి 6, గురువారం. ఉదయం 11.20, కోర్టు కారిడార్

ఇన్నాళ్లూ మసక జిరాక్సే చూశాం. ఇవాళ అసలు కాగితం చేతికొచ్చింది. ‘వ’ అక్షరం మిగతావాటికంటే రవ్వంత పైకి లేచి ఉంది. ప్రతి పేజీ అడుగునా రెండు చుక్కలు, మధ్యలో గీత.

అది అమ్మ మిషన్.

మార్చి 7, శుక్రవారం

తలనొప్పి. వాయిదా తీసుకున్నాను.

మార్చి 9, ఆదివారం

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని ప్రతి క్లయింటుకీ చెప్తాను. ఇవాళ నేనే తొక్కాను. కాగితం కాపీ అమ్మ ముందు పెట్టాను. కోర్టులో దాఖలైనదే, రహస్యమేం కాదు. అయినా పెట్టి ఉండకూడదు.

చూడగానే నాదే అంది, సంబరంగా. ఇక మొదలు. ముప్పై ఒక్కేళ్లలో ఒక్క దిద్దుబాటు లేదట. తన పేజీ అంటే ప్లీడర్లు చదవకుండానే సంతకం పెట్టేవారట. పుట్టినప్పటినుంచీ వింటున్న పాటే. ఏడో షరతు దగ్గరికి వచ్చేసరికి పాట ఆగిపోయింది. ‘లేకుండా’ అన్నాక ‘అమ్మవచ్చు’ ఎలా వస్తుందే, ఎవరైనా బుద్ధి ఉన్నవాళ్లు అలా రాయించుకుంటారా అంది. మంచం కింది ట్రంకుపెట్టె లాగమంది. షార్ట్‌హ్యాండ్ పుస్తకాలు, ఏడాదికో కట్ట. నాకవి కోడి కెలికిన గీతలు. డెబ్బై రెండేళ్ల మనిషి నేలమీద కూర్చుని గంటసేపు వెతికింది.

దొరికింది. వేలు పెట్టి చదివింది: "రెండవవారి అనుమతి లేకుండా తన వాటాను అమ్మరాదు. అనుమతి ఇచ్చి, తాను కొనలేనని రాసిచ్చిన పిమ్మట మాత్రమే తన వాటాను బయటివారికి అమ్మవచ్చు."

‘తన వాటాను’ రెండుసార్లు ఉంది. మొదటిదాని దాకా కొట్టి తలెత్తింది. మళ్లీ తల దించేసరికి కన్ను రెండోదాని మీద పడింది. మధ్యలో లైను గల్లంతు.

అమ్మరాదు అని ఆవిడ చదివినప్పుడు నాకు అమ్మ రాదు అని వినపడింది. కోర్టుకి. నాకు ముందుగా వచ్చిన ఆలోచన అది. సిగ్గుగా ఉంది. ఎవరికీ చెప్పకమ్మా అన్నాను.

మార్చి 10, సోమవారం

పొద్దున్న అమ్మ కాఫీ ముట్టుకోలేదు. మధ్యాహ్నం ఫోన్ చేస్తే తిన్నానంది. ఇంటికొచ్చి చూస్తే గిన్నెలు కదలలేదు.

మార్చి 12, బుధవారం

కోర్టు బయట బెంచీ మీద మూతలావిడ. ఎదుటి పక్షంతో నేను మాట్లాడకూడదు. ఆవిడే మాట్లాడింది, నాతో కాదు, తన పక్కనున్న మనిషితో. నాకు వినపడాలనే కావచ్చు. సంతకం పెట్టేటప్పుడు చదవలేదట. గేటు పక్కనావిడ కొట్టిన పేజీలో తప్పుండదని అందరూ అన్నారట. ఇన్నేళ్ల తర్వాత ఇలా అవుతుందని కలగన్నానా అంటోంది. ఆవిడ గొంతులో కోపం లేదు. ఉంటే బావుండేది. బాత్రూంలోకి వెళ్లి ముఖం కడుక్కున్నాను.

మార్చి 14, శుక్రవారం

సీనియర్‌గారికి చెప్పేశాను. ఆయన కుర్చీలోంచి లేవలేదు. మీ అమ్మగారు కొట్టినట్టు కాగితం మీద పేరేమైనా ఉందా అన్నారు. రెండు చుక్కలు, గీత అన్నాను. చుక్కలూ గీతలూ సాక్ష్యం చెప్పవమ్మా అన్నారు. మన పని క్లయింటు కాగితాన్ని కాపాడటం, ఎవరు కొట్టారో వెతకడం కాదన్నారు. ఇంట్లో విషయం ఇంట్లో ఉంచుకుని, కేసు నువ్వే నడిపించు అన్నారు. పార్ట్‌నర్ కాగితాలు టేబుల్ మీదే ఉన్నాయట, ఆలోచించుకోమన్నారు.

చెడ్డమనిషి కాదు. నాకు పని నేర్పింది ఆయనే. అదే బాధ.

మార్చి 15, శనివారం

కోర్టుకి తను వెళ్తే నా ఉద్యోగం పోతుందా అని అమ్మ అడిగింది. ఉద్యోగం పోదు, పెద్ద కుర్చీ పోతుందన్నాను. ఇప్పుడున్న కుర్చీకి ఏమొచ్చింది అంది. నవ్వొచ్చింది, చాలా రోజులకి. అమ్మ బట్టలు మడతపెట్టింది. మడతపెట్టినవే విప్పి మళ్లీ పెట్టింది. తప్పు చేశానని అందరి ముందూ చెప్పడమంటే బట్టలిప్పుకుని నిలబడ్డట్టే, అయినా ఆ నలభై మందీ కళ్లముందు వరసగా నిలబడుతున్నారే, ఏం చెయ్యమంటావు అంది.

నన్ను అడక్కు, నేను ఎదుటివాళ్ల లాయర్ని అన్నాను. ఆ కేసులోంచి నేను బయటికొచ్చాక నీ ఇష్టం అన్నాను.

మార్చి 17, సోమవారం

వకాల్తా వదులుకున్నాను. వ్యక్తిగత కారణాలు అని రాశాను.

మార్చి 18, మంగళవారం

అమ్మ బస్సెక్కి మూతలావిడ లాయరు దగ్గరికి వెళ్లింది. ఒక్కతే. పుస్తకం సంచిలో పెట్టుకుని.

మార్చి 24, సోమవారం

నాకంటే ఆరేళ్లు జూనియర్‌ని పార్ట్‌నర్ చేశారు. వెబ్‌సైటు అమ్మాయి నా ప్రొఫైలు ఇక తొందరేం లేదు మేడమ్ అంది. పాపం, ఏం చెప్పాలో తెలీక అంది. ఆఫీసులో అందరూ నాతో మర్యాదగా ఉంటున్నారు. దీనికంటే తిట్టినా నయం. నాకు కొత్తగా ఇచ్చిన కేసు గోడౌన్ అద్దెది. వచ్చే ఏడు కూడా అదే ఉంటుంది.

ఏప్రిల్ 8, మంగళవారం. సాయంత్రం 5

రాయాలని లేదు. రాస్తాను.

అమ్మ బోనెక్కింది. నేను ఆఖరి బెంచీలో కూర్చున్నాను. అంతమంది లాయర్లను రోజూ చూసిన మనిషి, కటకటాలను రెండు చేతులా పట్టుకుని నిలబడింది. పుస్తకం చదివింది. పోయిన లైను చదివింది. తప్పు నాదేనండి అంది. గట్టిగా చెప్పమని జడ్జిగారు అంటే రెండోసారి అంది. రెండుసార్లు చెప్పించారు, నాకు అదే కోపం.

క్రాస్ ఎగ్జామినేషన్ చేసింది సీనియర్‌గారే. బాగా చేశారు, ఒప్పుకోవాలి. ఆ గీతలు ఇంకెవరైనా చదవగలరా అన్నారు. నేర్చుకున్నవాళ్లెవరైనా చదువుతారంది. కళ్ల ఆపరేషన్ ఎప్పుడయిందని అడిగారు. మీ కూతురెవరు, ఆవిడకీ ఈ కేసుకీ ఏం సంబంధం అని అడగలేదు. దానికి మాత్రం ఆయనకు దణ్ణం పెట్టాలి.

తర్వాత ఆయన పొరపాటు చేశారు. ముప్పై ఒక్కేళ్లలో ఒక్క తప్పూ లేదంటున్నారు కదా, మరి సరిగ్గా ఈ పేజీలోనే ఎందుకు జరిగింది అన్నారు. సాక్షిని ఎందుకు అని అడక్కూడదని నాకు మొదటి వారంలోనే నేర్పిన మనిషి.

అమ్మ చెప్పింది. ఆ రోజు మా అమ్మాయి లాయరుగా ప్రమాణం చేసే రోజండి, పదిన్నరకి. ప్లీడరుగారు ఈ కాగితం అర్జెంటన్నారు. గడియారం చూస్తూ కొట్టాను. ఎక్కడ ఆలస్యమవుతుందో అని తలెత్తాను, అంతే.

ఒప్పందం తేదీ నేను ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. నా చేత్తో అఫిడవిట్‌లో రాశాను. అది నా తేదీ అని ఒక్కసారి కూడా తట్టలేదు. ఆ రోజు అమ్మ పరిగెత్తుకుంటూ వచ్చింది. వేళ్లకు కార్బన్ మరకలు. ఫోటో తీసేటప్పుడు చేతులు వెనక్కి పెట్టుకోమన్నాను. పెట్టుకుంది.

సీనియర్‌గారు ఇంకేం అడగలేదని కూర్చున్నారు. నేను బయటికొచ్చి మెట్ల మీద ఏడ్చాను. గౌనుతో ఏడ్వడం ఇదే మొదటిసారి.

ఏప్రిల్ 22, మంగళవారం

మూతలావిడ గెలిచింది. అప్పీలు ఉండొచ్చు. ఓడినవాడు కోర్టులో ఏడిస్తే గెలిచినవాడు ఇంటికెళ్లి ఏడ్చాడట. ఆవిడ అక్కడే ఏడ్చేసింది. అమ్మ చేతులు పట్టుకుని.

ఏప్రిల్ 27, ఆదివారం

అమ్మ ఇవాళ అటక మీది మిషన్ దింపించింది. ఆ పేజీ మొత్తం మళ్లీ కొట్టింది, పోయిన లైనుతో సహా. ఎవరికీ అక్కర్లేదమ్మా అంటే నాకు కావాలంది. గంటన్నర పట్టింది. సరిచూడమని నాకిచ్చి, ఎదురుగా కూర్చుని నా మొహమే చూసింది.

ఏడో షరతులో ‘వాటాను’కి కొమ్ము లేదు.

తప్పులేవీ లేవన్నాను.