తొట్టి దగ్గర నా చోటు

కుళాయిలకు క్రోమ్ పూత వేసే ఫ్యాక్టరీలో, తొట్టి దగ్గర పనిచేసి, అందరిచేతా తొట్లక్క అని పిలిపించుకున్న నేను, ఊపిరితిత్తులు చెడినా బుద్ధి చెడలేదని డాక్టరుగారు చూసి చెప్పిన మీదట, ఎవరి బలవంతమూ లేకుండా ఇష్టపూర్వకంగా రాయిస్తున్న వీలునామా ఇది. ఇంతకుముందు ఏదీ రాయలేదు, మళ్లీ రాసే ఓపికా లేదు. అమలు చేసే బాధ్యత మా అమ్మాయిది. తమ్ముడు ఏడిస్తే కరిగిపోకూడదని దానికి ముందే చెబుతున్నాను.

1. నా స్వార్జితమైన రెండు గదుల ఇల్లు మా అమ్మాయికీ మా చిన్నోడికీ చెరిసగం. వీధివైపు గది అమ్మాయిది, దాని కుట్టుమిషనుకు వెలుతురు కావాలి. దీనికో షరతు ఉంది, కింద నాలుగో అంశంలో చూసుకోవలెను.

2. చిన్నోడు మొదటి సంపాదనతో నాకు కొనిచ్చిన సెంటు సీసా నా మనవరాలికి. ఎప్పుడు మూత తీసినా ఎంత బాగుందో అన్నాను గానీ, నాకు వాసనలు తెలియక ఏళ్లయింది. తొట్టి మీద లేచే ఆవిరి ముక్కు లోపలి గోడను తినేసింది. ఆ సీసా నేను పోయాకే ఇవ్వాలి. అంతవరకూ అది నా తలగడ పక్కనే ఉండాలి.

3. అదే ఫ్యాక్టరీలో సూపర్‌వైజరైన మా మరిదికి నా వాజిలైన్ డబ్బా. ముక్కులో పుండ్లు పడుతున్నాయి, ఆవిరి లాగే ఫ్యాను బాగుచేయించు అని అడిగితే, ఇది రాసుకో వదినా, పోనుపోను అలవాటైపోతుంది అంటూ తనే ఇచ్చాడు. ఇంకా సగం ఉంది. ఆయన కూర్చునే అద్దాల గదిలోకి ఆవిరి రాదు గనక అక్కర పడదు. అయినా నలుగురి ముందూ పుచ్చుకోవలెను.

4. ఇక అసలు సంగతి. మా ఫ్యాక్టరీలో, పనిలో ఉండగా పోయినవాళ్ల చోటు వాళ్ల పిల్లలకిస్తారు. దానికి ముందు, ఆ చావుకీ పనికీ సంబంధం లేదని ఇంట్లోవాళ్లు సంతకం పెట్టాలి. నేనింకా బతికుండగానే మరిది ఆ కాగితం తెచ్చి చిన్నోడి చేతిలో పెట్టాడు. వీడు రబ్బరు బూట్ల సైజు కూడా చెప్పొచ్చాడు. అమ్మ ఎలాగూ దక్కదు, ఉద్యోగమైనా దక్కించుకుందాం అని అక్కతో అంటుంటే గోడ ఇవతల విన్నాను. పని పోయి ఖాళీగా ఉన్నవాడి మీద కోపమెలా వస్తుంది? భయం వేసింది.

నాన్నా, మా దగ్గర దారం మామ అని ఒకాయన ఉన్నాడు. కొత్తవాళ్లు చేరితే ఒక ముక్కుపుటంలోంచి దారం పెట్టి రెండో దాంట్లోంచి లాగి చూపిస్తాడు. మధ్యలో గోడ ఉండదు మరి. చేరిన రోజు నేనూ పడీపడీ నవ్వాను. నా ముక్కులోనూ దారం దూరిన రోజు, సీనియర్‌వి అయ్యావక్కా అని చప్పట్లు కొడితే అందరికీ టీ ఇప్పించాను. ఆ చప్పట్లు నీకు వద్దు.

కావున తొట్టి దగ్గర నా చోటులో చేరినవారికి నా ఇంట్లో హక్కు ఉండదు.

5. పై షరతు రాయించాక కూడా నా మనసు కుదుటపడలేదు. చిన్నోడు మొండివాడు, గది పోతే పోయిందని వెళ్లి చేరతాడు. మరిది వెనక నుంచి ఎగదోస్తాడు. అందుచేత ఈ ఉదయం దారం మామ చెయ్యి పట్టుకుని మెట్టు మెట్టుకీ ఆగుతూ ఆఫీసుకెళ్లి, నా ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి, ముద్ర వేయించుకుని వచ్చాను. ఇంకొన్నాళ్లు ఆగితే సరిపోయేది కదా వదినా అని మరిది నోరు జారి, నాలుక కరుచుకున్నాడు.

పోయినవాళ్ల చోటే పిల్లలకిస్తారు, మానేసినవాళ్లది ఇవ్వరు. నేను పోయేనాటికి అక్కడ నాకు చోటే ఉండదు. నీకు రాసివ్వడానికి నా దగ్గర ఉద్యోగం లేదు చిన్నోడా. తిట్టుకో. గుండెల నిండా గాలి పీల్చుకుని మరీ తిట్టుకో.

తేదీ: 04-11-2019, సోమవారం
సంతకం: తొట్లక్క, మాజీ ఉద్యోగి

సాక్షులు:
1. దారం మామ, క్రోమ్ తొట్టి
2. వీధి చివర మందుల షాపాయన