గాలితొడుగు స్తంభానికి కట్టిన గద్ద

తేది: 15-5-86
నూజివీడు రోడ్డు, మామిడితోట.

విమానాల మైదానం పెద్ద ఆఫీసరు గారి సముఖానికి, తోట కాపలాదారు కలపాల చిన్నరాయప్ప రాసుకున్న అర్జీ.

విషయం: ఆరేళ్ల కిందట తమ కాపలావాడు నా చెవిమీద కొట్టిన దెబ్బ గురించి మరియు గద్దల గురించి.

అయ్యా,

దెబ్బ సంగతి ముందు, గద్దల సంగతి తర్వాత. నిన్న జీపులో వచ్చిన తమ చిన్న ఆఫీసరు గద్దల సంగతే ముందు ఎత్తాడు. అందుకే మంచినీళ్లు కూడా ఇవ్వకుండా పంపించాను.

1. ఆరేళ్ల కిందట తమ ఆఫీసువారే మా తోటకి వచ్చారు. విమానాలకి గద్దలు అడ్డం వస్తున్నాయి, వడిసెలతో రాయి విసిరితే గురి తప్పనివాడివి నువ్వేనంట గదా అని పనికి పిలిచారు. వెళ్లాను. చచ్చినవి చచ్చాయి, మిగిలినవి మొండికేశాయి. మేము తోటలో ఒక కాకిని కొట్టి, కాళ్లకి తాడేసి తలకిందులుగా కొమ్మకి కడతాం. మిగతా కాకులు ఆ చుట్టుపక్కలకి రావు. మైదానంలో కొమ్మ ఏదీ? గాలి ఎటు వీస్తుందో చూసుకునే చారల గుడ్డతొడుగు తగిలించిన స్తంభం ఒక్కటే ఉంది. దానికి పెద్ద గద్దని కట్టాను. గద్దలు పోయాయి. ఇది నిజం.

2. గద్ద రెక్కల్లో చిక్కుకుని ఆ గుడ్డ ఊగలేదంట. నడిపేవాడు గాలి లేదనుకుని దించితే విమానం పక్కకి పోయి గడ్డిలో దిగబడింది. ఎవరూ చావలేదు. కొందరు వాంతులు చేసుకున్నారు. ఆకాశంలో తిరిగేవాడికి గాలి సంగతి గుడ్డ చెప్పాలా అని అడిగాను. అడిగినందుకు కాపలావాడు గంగరాజు నా వడిసెలని కత్తితో కోసి, ముక్కలు నా మెడలో వేసి, లాఠీతో ఎడమ చెవిమీద కొట్టాడు. పడిపోయాక బూటుతో డొక్కలో తన్నాడు. నేను లేచి అతని చెవి కొరికాను. కొరకలేదని ఎవరిముందూ అనను. ముక్క ఊడేదాకా వదల్లేదు.

3. నాకు ఆ చెవి వినపడదు. దానికి ఓర్చుకుంటాను. కాని తమవాళ్లు నేను విమానం కూల్చబోయానని పోలీసులకి చెప్పారు. అప్పటినుంచి హనుమాన్ జంక్షన్లో టీ తాగుతుంటే, "ఏంటి రాయప్ప బాబాయ్, పైన మోత వినపడతంది, పడగొట్టేస్తావా ఏంటి?" అని లారీవాళ్లు నవ్వుతారు. ఒకడి పళ్లు రాలగొట్టాను. ఈ వయసులో ఎంతమందివి రాలగొట్టను?

4. మొన్న సోమవారం పైకి లేస్తున్న విమానం గద్దని గుద్దింది. నల్లపొగ కక్కుతూ, మా చెట్ల తలలు వంగేటంత కిందనుంచి తిరిగి మైదానానికి పోయింది. కాయలు జలజల రాలాయి. కాయ కోసే జనం ఒకళ్లనొకళ్లు తొక్కుకున్నారు. చిన్నరసాలు ఏరుతున్న నా కూతురు దయామణి బుట్టలో నెత్తురోడుతున్న గద్ద రెక్క పడింది. రెక్క బదులు విమానమే పడితే బుట్ట ఉండేదా, నా బిడ్డ ఉండేదా?

5. తమ చిన్న ఆఫీసరు ఏమన్నాడంటే, "తాతా, విమానాల రాకపోకలు దెబ్బతినడంలో మా తప్పేం లేదు, అన్నీ బయటి కారణాలే. మంచు, అరబ్బు దేశాల్లో యుద్ధం, చమురు ధర, సమ్మెలు, పక్షులు. పాతవన్నీ మర్చిపోయి వచ్చెయ్యి."

"మంచుని కొట్టారా బాబూ?" అన్నాను.

"మంచుని ఎట్లా కొడతాం తాతా?"

"పోనీ, యుద్ధం చేసే అరబ్బువాళ్లని?"

నవ్వాడు.

"అయితే మీ బయటి కారణాలన్నిట్లో చేతికందింది నా చెవి ఒక్కటేనన్నమాట."

నవ్వు ఆపేశాడు.

ఇంకోటి. గద్దలు వచ్చేది తమ క్యాంటీను వెనక పారేసే కోడిపేగుల కోసం. క్యాంటీను తమ కంచె లోపలే ఉంది.

కాబట్టి నేను కోరేది. గంగరాజు పట్టపగలు, కాయ కోసే జనమంతా ఉండగా మా తోటకి రావాలి. రాయప్ప విమానం కూల్చేవాడు కాదని నోటితో చెప్పాలి. నా కుడిచెవి వైపు నిలబడి చెప్పాలి. కొత్త వడిసెల అతని చేత్తోనే ఇవ్వాలి. ఆ పూటే పనిలోకి వస్తాను. అతను రాకపోతే నేనే వెళతాను. అతనికి ఇంకో చెవి బాగానే ఉంది.

పైన రాసిందంతా పక్కన పడెయ్యకుండా తమరే చదివి చిత్తగించవలెను. ఇక్కడ 'తమ విధేయుడు' అని రాయాలంట. వడిసెల చేతికొచ్చాక రాస్తాను.

కలపాల చిన్నరాయప్ప
(వేలిముద్ర కాదు, నా చేతిరాతే.)

మరొక మాట: నిన్న విమానం దిగే వేళకి గద్ద ఒక్కటీ లేదని తమవాళ్లు సంతోషపడి ఉంటారు. మంగళవారం నుంచి తమ కంచె బయట నిలబడి, దయామణి పాత చీర చింపి పేనిన వడిసెలతో నేనే కొడుతున్నాను. తమ కోసం కాదు, దాని బుట్ట కోసం. చచ్చినవాటిని తమ కంచెకే తలకిందులుగా కట్టాను. వాసన తమ గదిలోకి వస్తే అదీ నా అర్జీయే అనుకోండి. రాత్రికి భుజం వాచిపోతోంది, అన్నం ముద్ద ఎడంచేత్తో తింటున్నాను. ఇట్లా ఎన్నాళ్లో చెయ్యలేను. 21వ తారీకు, బుధవారం. ఆ దినం విమానం మోత వినపడేలోగా జవాబు రావాలి. రాకపోతే నా బిడ్డని ఇంట్లో కూర్చోబెట్టి, నేనూ దాని పక్కనే కూర్చుంటాను. పైన వచ్చేవాళ్ల సంగతి తమరే చూసుకోండి.