స్లాబ్ కింద నిలబడే మనిషి

మార్చి 4
కొత్త కాంప్లెక్స్ స్లాబ్ మొదలైంది. మధ్యాహ్నం మిక్సర్ చెడిపోయింది. సగంతో ఆపేశారు. స్తంభం మీద ఎర్ర రంగుతో తేదీ రాశాను. నాన్న నాకిచ్చిన ఒకే ఒక్క సైట్ పని అది.

మార్చి 9
మిగతా సగం వేశారట. నేను లైబ్రరీలో ఉన్నాను.

మార్చి 20
భోజనాల దగ్గర నాన్న చెప్పారు. ఇరవై అయిదున స్లాబ్ కింది సెంట్రింగ్ చెక్కలు విప్పుతారు, ఈసారి కింద నిలబడేది నేనట. తాతయ్య కంపెనీ పెట్టినప్పటి రూలు. చెక్కలను మోసే ఇనప జాకీలు తీసేటప్పుడు, మన పని మీద మనకు నమ్మకం ఉందని చూపించడానికి ఇంటి మనిషి ఒకరు స్లాబ్ కింద నట్టనడుమ నిలబడాలి. తాతయ్య నిలబడ్డారు. తర్వాత ముప్ఫై ఏళ్లు నాన్న. తలుపు చప్పుడుకే ఉలిక్కిపడే దీన్నా నిలబెట్టేది, హెల్మెట్ బదులు డిక్షనరీ పెట్టుకుని వస్తుంది అని అన్నయ్య ఒకటే నవ్వు.

మార్చి 23
ఇప్పుడే తట్టింది. స్తంభం మీద నాలుగో తేదీ ఒక్కటే ఉంది. స్లాబ్ గట్టిపడటానికి కావాల్సిన ఇరవై ఒక్క రోజులూ దాన్నుంచే లెక్కేశారు. రెండో సగానికి ఎల్లుండికి పదహారే. మేస్త్రికి నాలుగు సైట్లు. స్తంభం మీద ఏముంటే అదే అతని క్యాలెండర్. నాన్నకూ అంతే.

మార్చి 24
నాన్న గదికి మూడుసార్లు వెళ్లాను. మొదటిసారి ఫోన్‌లో ఉన్నారు. రెండోసారి ఖాళీగానే ఉన్నారు. మూడోసారి ఏం కావాలమ్మా అన్నారు. స్టేప్లర్ అన్నాను.
కాన్వెంట్‌లో మెల్లగా మాట్లాడటం నేర్పారు. గట్టిగా చెప్పడం ఎవరూ నేర్పలేదు.

మార్చి 25, ఉదయం 6:40
నేనొక్కదాన్నే అయితే నోరు మూసుకుని నిలబడేదాన్నేమో. జాకీలు తీసే ఆరుగురూ ఆ కిందే ఉంటారు. ఇంతవరకూ వాళ్లు గుర్తే రాలేదు. సిగ్గుగా ఉంది.
బ్రష్ తీసుకుని వెళ్తున్నాను.

అదే రోజు, 11:00
4 కింద 9 రాశాను. తొమ్మిది వంకరపోయింది. మేస్త్రి తల పట్టుకున్నాడు. ఇప్పుడా పాపా చెప్పేది అంటూ అందరినీ వెనక్కి పంపేశాడు. ఈ కంపెనీలో ఇప్పటిదాకా విప్పే తేదీ మారలేదు అన్నారు నాన్న. అంతే. తిట్టినా బాగుండేది.

మార్చి 27
రెండు రోజులుగా నాన్న భోజనం తన గదిలోకే తెప్పించుకుంటున్నారు.

మార్చి 29
రేపు నేను నిలబడతాలే, దాన్ని వదిలేయండి అన్నాడు అన్నయ్య. నాన్న ఒప్పుకోలేదు. తేదీ ఎవరు రాస్తే వాళ్లే నిలబడాలట. తాతయ్య అసలు రూలు అదేనట.

మార్చి 30, ఉదయం 8:15
ఆఖరి జాకీ తీశారు. పైనుంచి ఒక మేకు రాలి నా బూటు పక్కన పడింది. ఇంకేమీ పడలేదు.
పక్కకు చూస్తే నాన్న. ఎప్పుడొచ్చి నిలబడ్డారో.